కశింకోట అగ్రిమెంట్: ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయారు, జీతాల బిల్లు మిగిలింది

 

ముందు ఒక చిన్న ప్రశ్న. బొబ్బిలి యుద్ధం గురించి మీలో ఎంతమందికి తెలుసు? దాదాపు అందరూ చేతులెత్తి ఉంటారు. 1964లో ఎన్టీఆర్ గారి సినిమా వచ్చింది. 1986లో కృష్ణంరాజు గారి తాండ్ర పాపారాయుడు వచ్చింది. సినిమాలు చూడనివాళ్ళు కూడా ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర ఆ కథ వినే ఉంటారు.

ఇప్పుడు రెండో ప్రశ్న. ఆ యుద్ధం అయ్యాక రెండేళ్ళు కూడా తిరక్కుండా, 1758 నవంబరులో, కశింకోటలో ఒక అగ్రిమెంట్ జరిగింది. దాని గురించి ఎంతమంది విన్నారు? అవును, మన కశింకోటే. హైవే మీద అనకాపల్లి దాటి తుని వైపు వెళ్తుంటే వచ్చే ఊరు. రోజూ బస్సులో, బండి మీద ఆ ఊరి మీదుగా వెళ్ళేవాళ్ళు కూడా ఆ సంగతి చెప్పలేరు. ఎందుకంటే అక్కడ ఎవరూ కత్తి తిప్పలేదు. కాగితం మీద షరతులు రాసుకున్నారు, అంతే. సినిమా తీయడానికి అందులో ఏమీ లేదు.

కానీ ఉత్తరాంధ్ర ఎవరి చేతిలోకి వెళ్ళబోతోందో చెప్పే లెక్క ఆ షరతుల్లో ఉంది. మన ప్రాంతంలో పాతుకుపోయిన ఒక విదేశీ శక్తిని బయటికి పంపడానికి ఇక్కడి రాజు, కలకత్తాలో కూర్చున్న ఇంకో విదేశీ కంపెనీ కలిసి వేసిన ప్లాన్ అది. ప్లాన్ సక్సెస్ అయింది. ఫ్రెంచివాళ్ళు నిజంగానే వెళ్ళిపోయారు. మరి ఆ సక్సెస్ ఖర్చు ఎవరు కట్టారు? ఈ రోజు మాట్లాడుకునేది అదే.

ఫ్రెంచివాళ్ళు అసలు ఇక్కడికి ఎలా వచ్చారు?

చాలామంది అనుకునేది ఏంటంటే, ఫ్రెంచివాళ్ళు ఓడల్లో దిగి, ఫిరంగులు పేల్చి మన తీరాన్ని గెలుచుకున్నారని. జరిగింది అలా కాదు. వాళ్ళకి ఈ ప్రాంతం జీతం కింద వచ్చింది.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1748లో హైదరాబాద్ నిజాం చనిపోయాక వారసుల మధ్య గొడవ మొదలైంది. 1751లో ఫ్రెంచి సేనాని బుస్సీ అండతో సలాబత్ జంగ్ గద్దె ఎక్కాడు. గద్దె ఎక్కడం ఒక ఎత్తు, దాని మీద నిలబడటం ఇంకో ఎత్తు. అన్నదమ్ముల నుంచి భయం, మరాఠాల నుంచి భయం. అందుకే బుస్సీ సైన్యాన్ని తన దగ్గరే ఉంచుకున్నాడు. సైన్యం ఉంటే నెలనెలా జీతాలు ఇవ్వాలి. ఖజానాలో డబ్బు లేదు. జీతాలు లేటైతే సైనికులు గొడవ చేస్తారు.

అప్పుడు 1753లో ఒక పరిష్కారం కుదిరింది. కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం, ఈ నాలుగు సర్కార్ల శిస్తు ఫ్రెంచి సైన్యం ఖర్చులకి రాసిచ్చారు. సర్కారు అంటే ఇక్కడ గవర్నమెంట్ కాదు, అప్పటి రెవెన్యూ విభాగం. ఇవాళ్టి జిల్లా కంటే పెద్దదనుకోండి. ఈ నాలుగూ, గుంటూరూ కలిపి ఉత్తర సర్కార్లు. మచిలీపట్నం అప్పటికే ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది.

ఒక్కసారి ఊహించుకోండి. మీ అపార్ట్‌మెంట్‌కి సెక్యూరిటీ ఏజెన్సీని పెట్టుకున్నారు. జీతాలు ఇవ్వలేకపోతున్నారు. సరే, కింద ఉన్న నాలుగు షాపుల అద్దె మీరే వసూలు చేసుకోండి అని ఏజెన్సీకి చెప్పారు. మొదట్లో ఇద్దరికీ హాయిగానే ఉంటుంది. కొన్నాళ్ళకి షాపులవాళ్ళు ఎవర్ని ఓనర్ అనుకుంటారు? అద్దె ఎవరికి కడుతున్నారో వాళ్ళనే. ఇక్కడ జరిగింది అదే. హైదరాబాద్‌లో తీసుకున్న నిర్ణయం వల్ల శ్రీకాకుళం నుంచి కృష్ణా దాకా రైతు కట్టే శిస్తు ఫ్రెంచి సైన్యానికి వెళ్ళింది. రైతుని ఎవరూ అడగలేదు. జమీందార్లనీ అడగలేదు.

ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి. విదేశీ శక్తి కోట గోడ ఎక్కి రాలేదు, జీతాల బిల్లు పట్టుకుని వచ్చింది. ఎపిసోడ్ మొత్తం ఈ బిల్లు వెనకాలే వెళ్తాం.

బొబ్బిలి తర్వాత విజయనగరం

1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధం. విజయనగరం పెద విజయరామరాజు పక్షాన బుస్సీ ఫిరంగులు పేలాయి. బొబ్బిలి కోట కూలింది, రంగారావు చనిపోయాడు. కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడు విజయరామరాజుని ఆయన డేరాలోనే చంపేశాడు. ఇంతవరకూ సినిమాలో చూశాం. సినిమా ఇక్కడ అయిపోతుంది. పాలిటిక్స్ ఇక్కడే మొదలవుతుంది.

విజయనగరం గద్దె మీదకి ఆనందరాజు వచ్చాడు. గజపతి రాజుల వంశం. ఆయన ముందున్న పరిస్థితి ఏంటి? తన ముందటి రాజు ఫ్రెంచివాళ్ళతో స్నేహం చేసి, ఆ స్నేహం వల్లే బొబ్బిలి పగలో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఇక బుస్సీ తనతో వ్యవహరించిన తీరు ఆనందరాజుకి అస్సలు నచ్చలేదు. స్నేహితుడు అనుకున్నవాడు యజమాని లాగా మాట్లాడితే ఎలా ఉంటుందో మీకు తెలుసు.

అదే ఏడాది జూన్ చివర్లో బుస్సీ విశాఖపట్నంలోని ఇంగ్లీషు ఫ్యాక్టరీని పట్టుకున్నాడు. ఫ్యాక్టరీ అంటే అప్పట్లో సరుకులు తయారుచేసే చోటు కాదు, వ్యాపార గోదాము, ఆఫీసు, చుట్టూ కాస్త కాపలా. తీరం వెంబడి ఇంజరం, బండమూర్లంక లాంటి చోట్ల ఉన్న ఇంగ్లీషు స్థావరాలు కూడా ఆ ఏడాదే ఫ్రెంచివాళ్ళ చేతికి వెళ్ళాయి. తమాషా ఏంటంటే, విశాఖ పోయిన వారంలోనే, జూన్ 23న, బెంగాల్లో క్లైవ్ ప్లాసీ యుద్ధం గెలిచాడు. అంటే ఇక్కడ ఇంగ్లీషువాళ్ళ జెండా దిగిన వారంలోనే అక్కడ వాళ్ళ దశ తిరిగింది.

1758 వచ్చేసరికి ఫ్రాన్స్ నుంచి లాలీ అనే కొత్త జనరల్ పుదుచ్చేరిలో దిగాడు. మద్రాసుని కొట్టాలన్నది ఆయన పట్టుదల. అందుకోసం బుస్సీని దక్కన్ నుంచి వెనక్కి పిలిచేశాడు. ఏడేళ్ళుగా హైదరాబాద్ దర్బారుని వేలితో ఆడించిన మనిషి వెళ్ళిపోయాడు. సర్కార్లలో మిగిలింది కాన్‌ఫ్లాన్స్ అనే సేనాని. అనుభవం తక్కువ, ఇక్కడి మనుషులతో పరిచయం ఇంకా తక్కువ.

ఆనందరాజు ఈ గ్యాప్ చూశాడు. 1758 సెప్టెంబరులో విశాఖపట్నం మీద పడి ఫ్రెంచివాళ్ళని తరిమేశాడు. తర్వాత ఇంగ్లీషువాళ్ళకి కబురు పెట్టాడు: మీ స్థావరం విడిపించాను, మీరు సైన్యం పంపితే సర్కార్లలో ఫ్రెంచివాళ్ళు లేకుండా చేద్దాం అని.

కలకత్తా ఎందుకు సరే అంది?

ముందు మద్రాసుని అడిగాడు. మద్రాసువాళ్ళ నెత్తి మీదే లాలీ కూర్చుని ఉన్నాడు, వాళ్ళు ఎవరికి సాయం చేస్తారు? తర్వాత కలకత్తాలో క్లైవ్‌ని అడిగాడు. క్లైవ్ కౌన్సిల్ సభ్యులు వద్దన్నారు. బెంగాల్లోనే పరిస్థితి ఇంకా కుదుటపడలేదు, ఉన్న కొద్ది సైన్యాన్ని ఎక్కడో గోదావరికి పంపడం ఏంటని వాళ్ళ వాదన. క్లైవ్ వినలేదు.

ఆయన లెక్క సింపుల్. ఫ్రెంచివాళ్ళకి డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? సర్కార్ల నుంచి. మద్రాసు దగ్గర ఫ్రెంచి సైన్యంతో ముఖాముఖి కొట్టుకునే బదులు, ఆ సైన్యానికి జీతం వచ్చే చోటు మీద కొడితే? అంటే అక్కౌంట్ ఫ్రీజ్ చేయడం లాంటిది. పైగా సర్కార్లు పోతాయేమోనన్న భయంతో లాలీ అక్కడ మద్రాసు మీద పూర్తి బలం పెట్టలేడు.

లెఫ్టినెంట్ కల్నల్ ఫ్రాన్సిస్ ఫోర్డ్ చేతికి 500 మంది యూరోపియన్ సైనికుల్ని, 2,000 మంది వరకూ సిపాయిల్ని, కొన్ని ఫిరంగుల్ని ఇచ్చి ఓడలెక్కించారు. అక్టోబరులో విశాఖలో దిగారు. నవంబరు మొదట్లో కశింకోట దగ్గర ఆనందరాజు సైన్యాన్ని కలిశారు. రాజు దగ్గర 5,000 మంది కాల్బలం, 500 గుర్రాలు. చాలామంది చేతుల్లో ఉన్నవి ఈటెలు, విల్లులు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ దండయాత్ర గురించి వివరంగా రాసింది ఇంగ్లీషువాళ్ళే. వాళ్ళలో రాబర్ట్ ఓర్మ్ రాసింది ముఖ్యం. ఆ రాతల్లో రాజు సైన్యం అంటే చిన్నచూపు, రాజు అంటే డబ్బు దగ్గర పిసినారి అన్న ఎగతాళి కనిపిస్తాయి. చదివేటప్పుడు ఆ యాంగిల్ గుర్తుంచుకోవాలి. కానీ అగ్రిమెంట్ షరతులు మాత్రం స్పష్టంగానే రాశారు.

అగ్రిమెంట్‌లో ఏముంది?

ఒకటి. దోపిడీలో దొరికింది చెరి సగం.

రెండు. గెలిచిన భూములు రాజుకి. శిస్తు ఆయనే వసూలు చేసుకుంటాడు.

మూడు. సముద్రపు రేవులు, నదులు సముద్రంలో కలిసే చోట ఉన్న పట్నాలు, వాటికి ఆనుకుని ఉన్న ఊళ్ళ ఆదాయం కంపెనీకి.

నాలుగు. గెలిచినవాటి విషయంలో ఇద్దరి ఒప్పుదల లేకుండా ఎవరూ వేరేవాళ్ళతో ఒప్పందం చేసుకోకూడదు.

అయిదు. సైన్యం ఖర్చులకి రాజు నెలకి 50,000 రూపాయలు, ఆఫీసర్ల సొంత ఖర్చులకి ఇంకో 6,000 ఇవ్వాలి. మీటర్ కశింకోట నుంచి కాదు, విశాఖలో దిగిన రోజు నుంచే తిరుగుతుంది.

ఒకసారి పైపైన చదివితే డీల్ ఎవరికి లాభంగా ఉంది? రాజుకే కదా. భూమి మొత్తం ఆయనది. కంపెనీకి నాలుగు రేవులు. 1758లో ఉత్తరాంధ్ర జమీందారు ఎవరైనా ఇలాగే అనుకుంటారు. సంపద అంటే భూమి, భూమి అంటే శిస్తు.

రెండోసారి చదవండి. మూడో షరతు, అయిదో షరతు పక్కపక్కన పెట్టండి. రేవు ఎవరి చేతిలో ఉంటే బయటి నుంచి వచ్చే మందుగుండు, సైన్యం, సరుకు వాళ్ళ చేతిలో ఉంటాయి. మా ఐటీ భాషలో చెప్పాలంటే, రాజుకి డేటా ఇచ్చారు, అడ్మిన్ లాగిన్ కంపెనీ దగ్గర పెట్టుకుంది. ఇక అయిదో షరతు ఏంటి? సలాబత్ జంగ్ బుస్సీకి ఇచ్చిన మాటే ఇది. నీ సైన్యం, నా డబ్బు. మనుషులు మారారు, జెండా మారింది, బిల్లు మాత్రం అదే.

చందుర్తి నుంచి మచిలీపట్నం దాకా

డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో రెండు సైన్యాలూ తలపడ్డాయి. ఇంగ్లీషు పుస్తకాల్లో దీన్నే కాండోర్ యుద్ధం అంటారు. కాన్‌ఫ్లాన్స్ దగ్గర 500 మంది యూరోపియన్లు, 6,000 మంది సిపాయిలు, 30కి పైగా ఫిరంగులు. లెక్క ప్రకారం ఫ్రెంచివాళ్ళదే పైచేయి.

వాళ్ళని దెబ్బతీసింది ఒక పొరపాటు. కలకత్తా నుంచి వచ్చిన సిపాయిలు ఎర్ర కోట్లు వేసుకున్నారు. వాళ్ళని చూసి ఇంగ్లీషు దళం ఇదేనని ఫ్రెంచివాళ్ళు తమ అసలు బలాన్నంతా అటు నడిపించారు. నిజమైన ఇంగ్లీషు దళం ఎత్తుగా పెరిగిన జొన్న చేను చాటున ఉంది. సిపాయిలు వెనక్కి తగ్గారు, ఫ్రెంచివాళ్ళు గెలిచేశామనుకుని వరస తప్పి తరిమారు, చేను పక్క నుంచి తుపాకులు పేలాయి. కొద్ది గంటల్లో కథ మారిపోయింది. కాన్‌ఫ్లాన్స్ రాజమహేంద్రవరం వైపు గుర్రం మీద పారిపోయాడు. ఫిరంగుల్లో చాలావరకూ ఇంగ్లీషువాళ్ళకి చిక్కాయి.

ఇప్పుడు వెంటనే మచిలీపట్నం మీద పడాలి. పడలేదు. వారాల తరబడి ఆగిపోయారు. ఎందుకో చెప్పండి? బిల్లు. ఫోర్డ్ డబ్బు అడిగాడు, ఆనందరాజు ఇవ్వలేదు. ఇంగ్లీషువాళ్ళ రాతల్లో ఇది రాజు మొండితనం. రాజు వైపు నుంచి చూడండి. కొత్తగా గెలిచిన ఊళ్ళలో శిస్తు ఇంకా చేతికి రాలేదు. మీటర్ మాత్రం అక్టోబరు నుంచి తిరుగుతూనే ఉంది. చివరికి మళ్ళీ కూర్చుని షరతులు మార్చుకున్నారు. రాజు ఇచ్చే డబ్బుని అప్పుగా లెక్కేయాలని, గోదావరి అవతల గెలిచే ప్రాంతాల ఆదాయంలో పంపకాలు ఉండాలని రాజీ పడ్డారు. అంటే ఆరు నెలలు తిరక్కుండానే మొదటి కాగితంలోని "భూమి మొత్తం రాజుది" అన్న మాట సడలిపోయింది.

1759 మార్చిలో మచిలీపట్నం కోట ముందుకి చేరారు. చుట్టూ చిత్తడి, కోట లోపల ముట్టడిదార్ల కంటే ఎక్కువ ఫ్రెంచి సైన్యం. మరోపక్క సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో ఫ్రెంచివాళ్ళకి సాయంగా బెజవాడ దాకా వచ్చేశాడు. ఫోర్డ్ దగ్గర మందుగుండు అయిపోవస్తోంది. ఏప్రిల్ 7 రాత్రి ఆఖరి దాడి. రోడ్డు వైపు నుంచి రాజు మనుషులు పెద్ద హడావుడి చేసి ఫ్రెంచివాళ్ళ దృష్టి మళ్ళించారు. అసలు దాడి బురద వైపు నుంచి జరిగింది. తెల్లారేసరికి కోట లొంగిపోయింది. కొద్ది రోజులకే ఫ్రెంచివాళ్ళకి సాయంగా 300 మందితో ఓడలు వచ్చాయి. అప్పటికే ఆలస్యం అయిపోయింది.

మే 14, 1759: పాలసీ కాగితం

సలాబత్ జంగ్ పరిస్థితి ఆలోచించండి. ఫ్రెంచివాళ్ళని కాపాడటానికి వచ్చాడు, కాపాడటానికి ఎవరూ మిగల్లేదు. అవతల హైదరాబాద్‌లో తమ్ముడు నిజాం అలీ గద్దె మీద కన్నేశాడు. మళ్ళీ ఎవరిదో ఒకరి సైన్యం కావాలి. మే 14న ఫోర్డ్‌తో సంధి రాసుకున్నాడు.

మచిలీపట్నం, దానితో ఎనిమిది జిల్లాలు, నిజాంపట్నం, కొండవీడు వగైరా కంపెనీకి ఇనాం. ఫ్రెంచి సైన్యం 15 రోజుల్లో కృష్ణ దాటి వెళ్ళిపోవాలి. ఇకపై ఈ దేశంలో వాళ్ళకి స్థావరం ఉండకూడదు, నవాబు వాళ్ళని కొలువులో పెట్టుకోకూడదు, సాయం చేయకూడదు, సాయం అడగకూడదు.

విదేశీ ప్రభావాన్ని గవర్నమెంట్ పాలసీతో తుడిచేయడం అంటే దీనికంటే క్లియర్ ఉదాహరణ దొరకదు. డెడ్‌లైన్ ఉంది, నిషేధం ఉంది, లూప్‌హోల్స్ మూసేశారు. ఇవాళ ఏదైనా దేశం ఇంకో దేశపు కంపెనీని బ్యాన్ చేసినా ఇదే ఫార్మాట్.

మరి ఆనందరాజు ఎక్కడ? సంధిలో ఆయన పేరు వస్తుంది. ఫ్రెంచివాళ్ళ ప్రాంతాల్లో ఈ ఏడాది వసూలు చేసుకున్నదానికి గజపతి రాజుని నవాబు లెక్క అడగడు, ఇకపై తాతతండ్రుల కాలంలో కట్టినట్టే కప్పం కట్టుకుంటూ ప్రశాంతంగా ఉండనిస్తాడు అని ఒక షరతు. కశింకోటలో ఆయన ఒక పార్టీ. ఆరు నెలలు తిరిగేసరికి ఇద్దరు పెద్దవాళ్ళు రాసుకున్న కాగితంలో ఆయన ఒక క్లాజు.

బిల్లు తిరిగి రావడం

ఫ్రెంచివాళ్ళు పోయారు. రేవులు కంపెనీవి అయ్యాయి. తర్వాత ఏం జరిగిందో డేట్లు వరసగా పెడితే చాలు.

1765లో మొగల్ పాదుషా షా ఆలం దగ్గర నుంచి ఉత్తర సర్కార్లకి కంపెనీ ఫర్మానా తెచ్చుకుంది. 1766లో నిజాం అలీతో సంధి: ఏడాదికి 9 లక్షల రూపాయలు కడతాం, సర్కార్లు మావి. గుంటూరు మాత్రం నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ బతికున్నంతవరకూ ఆయన దగ్గరే ఉండాలని ఒప్పుకున్నారు. 1788లో అదీ వచ్చేసింది. 1758లో "భూమి రాజుకి, రేవులు మాకు" అన్నవాళ్ళు ముప్పై ఏళ్ళలో రెండూ తీసుకున్నారు.

విజయనగరం సంగతి? ఆనందరాజు గెలుపు తర్వాత ఎంతో కాలం బతకలేదు. ఆయన తర్వాత గద్దెకొచ్చిన చిన విజయరామరాజు కాలంలో కంపెనీ పేష్కష్ పెంచుకుంటూ పోయింది, బకాయిలు పేరుకున్నాయి. చివరికి జమీ స్వాధీనం చేసుకుని, నెలకి 1,200 రూపాయల భత్యం ఇస్తాం, వెళ్ళి మచిలీపట్నంలో ఉండమన్నారు. ఏ మచిలీపట్నం? విజయనగరం మనుషులు ముందుండి గెలిపించిన మచిలీపట్నం. రాజు అటు వెళ్ళలేదు, భీమిలి దగ్గర పద్మనాభం వచ్చాడు. 1794 జులై 10న కంపెనీ సైన్యం దాడి చేసింది. రాజు, ఆయనతో ఉన్న ఎంతోమంది దొరలు అక్కడే చనిపోయారు. కశింకోట నుంచి పద్మనాభానికి బండి మీద రెండు గంటలు కూడా పట్టదు. చరిత్రలో ఆ దూరం 36 ఏళ్ళు.

ఇప్పుడు హైదరాబాద్ వైపు చూద్దాం. 1759లో "ఫ్రెంచివాళ్ళని కొలువులో పెట్టుకోను" అని రాసిచ్చారు కదా. 1790ల్లో నిజాం దగ్గర రేమండ్ అనే ఫ్రెంచి సేనాని కింద పది వేలకు పైగా సైన్యం తయారైంది. హైదరాబాద్ మూసారాంబాగ్ పేరు మూస్యూ రేమండ్ నుంచే వచ్చిందంటారు. ఎందుకు పెట్టుకున్నాడు? ఇంగ్లీషువాళ్ళ బరువు మరీ ఎక్కువైందని, బ్యాలెన్స్ కోసం. అంటే ఒక విదేశీయుడికి మందు ఇంకో విదేశీయుడు. అదే కశింకోట ఫార్ములా, రివర్స్‌లో.

1798లో నెపోలియన్ ఈజిప్టులో దిగాడు. ఇక్కడ గవర్నర్ జనరల్ వెల్లస్లీ ఫ్రెంచి భయాన్ని పట్టుకుని నిజాంతో సైన్య సహకార సంధి చేయించాడు. ఆ అక్టోబరులో ఫ్రెంచి దళాన్ని చుట్టుముట్టి, పెద్దగా రక్తం పారకుండానే ఆయుధాలు లాక్కున్నారు. బదులుగా కంపెనీ సైన్యం హైదరాబాద్‌లో ఉంటుంది. దాని ఖర్చు ఏడాదికి 24 లక్షలకు పైన. కట్టేది నిజాం.

ఆ బిల్లు కూడా భారమైంది. 1800లో ఏం చేశారు? సైన్యం ఖర్చు కింద బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం శాశ్వతంగా కంపెనీకి ఇచ్చేశారు. మనం రాయలసీమ అని పిలుచుకునే ప్రాంతానికి దత్త మండలాలు అన్న పేరు వచ్చింది అందుకే. 1753లో ఫ్రెంచి జీతాల కింద కోస్తా పోయింది, 1800లో ఇంగ్లీషు జీతాల కింద సీమ పోయింది. మధ్యలో ఫ్రెంచి ప్రభావాన్ని ఆపడానికి రెండు పెద్ద పాలసీలు వచ్చాయి, రెండూ పని చేశాయి. భూమి పోవడం మాత్రం ఆగలేదు.

మరి ఆనందరాజు ద్రోహా?

ఇలాంటి ఎపిసోడ్ల కింద కామెంట్స్‌లో ఈ మాట తప్పకుండా వస్తుంది. నా అభిప్రాయం చెప్తాను.

1758లో ఆయనకి ఇండియా అనే దేశం లేదు. పైన నవాబు ఉన్నాడు, ఆ నవాబు తన ప్రాంతాన్ని అడక్కుండా ఫ్రెంచివాళ్ళకి రాసిచ్చాడు. పక్కన బొబ్బిలి పగ ఉంది. చేతిలో ఈటెలు, విల్లులు ఉన్నాయి. ఫ్రెంచి ఫిరంగుల్ని ఒంటరిగా ఆపలేడు. ఇంగ్లీషువాళ్ళు అప్పటికి బెంగాల్లో ఒక్క పెద్ద గెలుపు ఉన్న వ్యాపారులు, రేపు దేశం మొత్తం మింగేస్తారని ఎవరికి తెలుసు? పైగా విశాఖని సొంతంగా గెలిచిన ధైర్యం ఆయనది. తెలివితక్కువవాడు అనలేం, పిరికివాడు అసలే అనలేం.

నేను చూసేది ఆయన మనసుని కాదు, ఆయన ఒప్పుకున్న షరతుల్ని. ఫ్రెంచివాళ్ళు ఎందుకు బలంగా ఉన్నారన్న ప్రశ్నకి ఆయన చూసిన జవాబు: వాళ్ళకి మంచి సైన్యం ఉంది. అసలు జవాబు: ఆ సైన్యానికి మన శిస్తు జీతంగా వెళ్తోంది. మొదటి జవాబుకి పరిష్కారం ఇంకో మంచి సైన్యం తేవడం. రెండో జవాబుకి పరిష్కారం సొంత సైన్యం, సొంత ఖజానా. రెండోది కష్టం, టైమ్ పడుతుంది, ఒక్క జమీందారు వల్ల అయ్యే పని కాదు. బొబ్బిలి, విజయనగరం ఒకరి గొంతు ఒకరు పట్టుకుని ఉన్న రోజుల్లో ఇంకా కష్టం. అందుకే ఆ పని ఎవరూ మొదలుపెట్టలేదు.

ఇది పాత కథ మాత్రమే కాదు. 2017లో శ్రీలంక హంబన్‌తోట రేవుని ఒక చైనా కంపెనీకి 99 ఏళ్ళ లీజుకి ఇచ్చింది. అప్పులే కారణమా, అక్కడి పాలకుల నిర్ణయాలు కారణమా అన్నదాని మీద ఇప్పటికీ వాదనలున్నాయి. కానీ రేవు, అప్పు, లీజు, ఈ మూడు మాటలు ఒకే వాక్యంలో వినగానే కశింకోట గుర్తు రావాలి. 2020 జూన్‌లో మన గవర్నమెంట్ 59 చైనా యాప్‌లని నిషేధించింది. మీ ఫోన్‌లోంచి కూడా ఏదో ఒకటి పోయే ఉంటుంది. నిషేధం వేయడం పాలసీలో ఒక సగం. ఖాళీ అయిన చోటులో ఎవరు కూర్చున్నారు, వాళ్ళ సర్వర్ ఎక్కడుంది, వాళ్ళకి డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది అని అడగడం రెండో సగం. 1759 సంధి మొదటి సగం బ్రహ్మాండంగా చేసింది. రెండో సగం ఎవరూ అడగలేదు.

కాబట్టి ఈసారి ఎవరైనా "ఫలానా దేశాన్ని బయటికి పంపేశాం, గెలిచాం" అంటే చప్పట్లు కొట్టండి, తప్పులేదు. ఆ తర్వాత మూడు ప్రశ్నలు అడగండి. రేవు ఎవరి దగ్గర ఉంది? సైన్యానికి జీతం ఎవరిస్తున్నారు? ఆ జీతం ఇవ్వలేకపోయిన రోజు బదులుగా ఏమి ఇస్తామని రాసుకున్నారు?

కశింకోట, పద్మనాభం, చందుర్తి పక్కన ఉండేవాళ్ళు మీ ఊళ్ళో ఈ యుద్ధాల గురించి పెద్దవాళ్ళు ఏం చెప్పుకుంటారో కామెంట్స్‌లో రాయండి. ఇంగ్లీషువాళ్ళ రాతలు మన దగ్గర చాలా ఉన్నాయి, మనవాళ్ళ మాటలే తక్కువ. వచ్చే ఎపిసోడ్‌లో పద్మనాభం యుద్ధం గురించి వివరంగా మాట్లాడుకుందాం. అప్పటిదాకా సెలవు.